పాట ఎవరి పేరు మీద?

కొండవీటి కొండ కింది ఊళ్లలో డప్పు కొట్టి పాడే కుర్రాళ్లు ఐదుగురు ఈ మధ్య మా దగ్గరికొచ్చారు. చేతిలో ఏడు పేజీల ఇంగ్లీషు కాగితం. ఒక ఆడియో కంపెనీ ఇచ్చిన ఒప్పందం అది. 'చదివి చెప్పండి సార్, సంతకం పెట్టమంటారా వద్దంటారా?' అన్నారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇట్లాంటి కాగితాలిచ్చేది ఆ ఒక్క కంపెనీయే కాదు. కాగితం మాత్రం కొండవీటి చాంతాడే. కొస దొరకడానికి మాకు రెండు రోజులు పట్టింది.

కొస దొరికాక తేలింది ఇదీ. ఇప్పటికే రికార్డు చేసిన పాటలు, రాబోయే మూడేళ్లలో చేయబోయే పాటలు, వాటి మీద సర్వ హక్కులు, ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నన్నాళ్లూ కంపెనీవి. దానికి ఒక్కసారి ఇచ్చే మొత్తం ఒకటి. బృందం పేరును కంపెనీయే తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంటుంది. ఆ పేరులో కొండవీడు ఉండొచ్చు, డప్పు ఉండొచ్చు. 'మాదిగ' అన్న మాట మాత్రం తీసెయ్యాలి. ఎందుకని అడిగితే, అది ఉంటే పెళ్లిళ్లకీ కాలేజీ ఫంక్షన్లకీ పిలవరని చెప్పారట.

సంగీత వ్యాపారం గురించి కళాకారులకు సలహాలిచ్చే పుస్తకాలూ శిక్షణ తరగతులూ ఇప్పుడు చాలానే ఉన్నాయి. అవి చెప్పేది రెండు ముక్కల్లో తేలిపోతుంది: చట్టం తెలుసుకుని చిక్కుల్లో పడకుండా చూసుకో, నీ పేరును బ్రాండుగా మార్చుకో. ఈ సలహా తప్పని మేమనడం లేదు. కానీ దీని వెనక ఒక ఊహ ఉంది. పాడేవాడు బజారుకొచ్చేసరికే పాట అతనిదేననీ, పేరు అతని చేతిలోనే ఉందనీ ఆ ఊహ. పల్నాటిలో ఆ ఊహ నిలుస్తుందా లేదా అన్నదే మా ప్రశ్న.

ముందు కొండవీడు సంగతే చూద్దాం. ఈ ఊరి పేరును తెలుగు సినిమా వాడుకున్నంతగా ఇంకెవరూ వాడుకోలేదు. 1981లో 'కొండవీటి సింహం', 1986లో 'కొండవీటి రాజా', 1990లో 'కొండవీటి దొంగ'. రెడ్డిరాజుల కోట తాలూకు దర్పం ఆ పేర్లకు ఉచితంగా వచ్చింది. కథలకు ఈ ఊరితో సంబంధం ఉండాలన్న నియమమేమీ లేదు, పేరు పలికితే చాలు. సినిమా పేరుకు కాపీరైటు లేదని సుప్రీంకోర్టు 2015లో 'దేసీ బాయ్జ్' కేసులో తేల్చింది. వట్టి ఊరి పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయకూడదని 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం తొమ్మిదో సెక్షను అంటుంది. అంటే కొండవీడు అందరిదీ. బాగానే ఉంది. మరి అందరిదీ అయినదాన్ని నలుగురు మాదిగ కుర్రాళ్లు తమ పేరు ముందు పెట్టుకుంటే, ఆ మొత్తం పేరు ఒక్క కంపెనీది ఎట్లా అవుతోంది? ఊరి పేరుకు మరో మాట కలిసి ప్రత్యేకమైన గుర్తు అయితే చట్టం ఒప్పుకుంటుంది. ఆ ప్రత్యేకత తెచ్చినవాళ్లు పాడేవాళ్లు. నమోదు కాగితం మీద యజమాని మాత్రం వేరు. రేపు వీళ్లు కంపెనీతో తెగతెంపులు చేసుకుంటే తమ పేరుతో తామే ఊళ్లో ప్రోగ్రాం పెట్టుకోలేరు. పెడితే నోటీసు వీళ్లకే వస్తుంది.

ఇక 'మాదిగ' మాట. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమం మొదలైంది. దండోరా అంటే డప్పుతో వేసే చాటింపే. అప్పటిదాకా తిట్టుగా వినబడ్డ కులం పేరును మనుషులు తమ పేరు చివర తగిలించుకుని సభల్లో నిలబడ్డారు. వ్యాపారం భాషలో చెప్పాలంటే తెలుగునాట ఇంత వేగంగా జనంలోకి పోయిన 'బ్రాండు' మరొకటి మాకు కనిపించదు. ఏ ప్రకటనల ఏజెన్సీ దాన్ని తయారుచేయలేదు. ఇప్పుడు డప్పు కావాలి, దాని దరువు కావాలి, ఆ దరువుకు ఊగే జనం కావాలి, కొట్టేవాడి కులం పేరు మాత్రం కవరు మీద ఉండకూడదు! దానికి బదులు 'ఫోక్' అని వేస్తారట. ఈ 'ఫోక్' అనే మాట వెనక ఏముందో చూడాలంటే కొంచెం చట్టంలోకి దిగక తప్పదు.

1957 నాటి కాపీరైటు చట్టం మొదట రాసినప్పుడు 'సంగీత కృతి' అంటే కాగితం మీద రాసినది, లేదా అచ్చువేసినది అని నిర్వచించారు. నోటితో పుట్టి నోటితో నడిచిన బాణీ ఆ నిర్వచనం ప్రకారం సంగీత కృతే కాదు. మనవాళ్లకు చదువు నిరాకరించిన సమాజమే, రాయని పాటకు యజమాని లేడని చట్టం చేసుకుంది. 1994 సవరణతో ఈ షరతు పోయింది. పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ 'ప్రదర్శకుల హక్కు' అనేది మొదటిసారి ఆ సవరణలోనే వచ్చింది, 1995 మే నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందు 1977లో సుప్రీంకోర్టు, సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న పాటకు నిర్మాతే యజమాని అని తీర్పు చెప్పింది. గాయకుడికి చట్టంలో చోటు లేకపోవడం గురించి జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పుకు అనుబంధంగా రాసి పార్లమెంటుకు గుర్తుచేశాడు. పార్లమెంటు కదలడానికి పదిహేడేళ్లు పట్టింది. ప్రదర్శకుడు ఎవరో చెప్పే నిర్వచనంలో గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడితోపాటు గారడీవాడూ పాములాడించేవాడూ కూడా ఉన్నారు. డప్పు కొట్టేవాడి పేరు విడిగా లేదుగానీ వాద్యకారుడిలో వస్తాడు. కాబట్టి చట్టం దృష్టిలో మన కుర్రాళ్లు 'ఫోక్' కాదు, హక్కులున్న ప్రదర్శకులు. 2018లో మన దేశం చేరిన అంతర్జాతీయ ఒడంబడికలో జానపద కళారూపాలు ప్రదర్శించేవాళ్లను కూడా ప్రదర్శకులుగానే లెక్కించారు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ప్రదర్శనకు హక్కుంది, తరతరాలుగా వచ్చిన పాటకు లేదు. దానికి 'కర్త తెలియదు' అంటారు. కర్త తెలియని పాటను ఎవరైనా తీసుకోవచ్చు, నాలుగు చరణాలు మార్చి, కీబోర్డు కలిపి, 'రచన' అని తన పేరు వేసుకోవచ్చు. అప్పట్నుంచి ఆ రూపానికి అతను హక్కుదారు. కవరు మీద 'జానపదం' అని ఉన్న ప్రతిచోటా మేం అడిగేది ఒకటే: పేరు లేకనా, అడిగినవాడు లేకనా?

ఈ ప్రశ్న పల్నాటికి కొత్తది కాదు. కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆ వీరుల కథ పాడే హక్కు, బాధ్యత వీరవిద్యావంతులది. వాళ్లు మాలలు. కథలో బ్రహ్మనాయుడు చేరదీసి సేనానిని చేసిన మాల కన్నమదాసు ఉన్నాడు, అందరూ కలిసి తిన్న చాపకూడు ఉంది. ఆ కథను ఇన్ని వందల ఏళ్లు మోసుకొచ్చింది ఆ గొంతులే. మరి అచ్చులో కర్త ఎవరు? శ్రీనాథుడు. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడే. ద్విపదలో ఉన్న 'పల్నాటి వీరచరిత్ర'ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రచురించాక అది శ్రీనాథుడి ఖాతాలో పడింది. ఎంత భాగం ఆయనది, ఎంత ఇతరులది అని పండితులు తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. మేం ఆ తగాదాలోకి పోం. కానీ ఆ చర్చలో ఎక్కువగా వినబడేది ఈ కవిదా, ఆ కవిదా అన్న ప్రశ్నే. పాడినవాళ్లదా అన్న ప్రశ్న అరుదు. పల్నాటి రాళ్లనూ జొన్నకూటినీ వెక్కిరించే చాటువులు కూడా ఆ శ్రీనాథుడి పేరు మీదే ఉన్నాయి. రసికుడనేవాడు పల్నాడుకు పోడని ఆయన తేల్చేశాడంటారు. పోనివాడు కర్త, పొమ్మన్నా పోకుండా అక్కడే ఉండి పాడినవాళ్లు 'సంప్రదాయం'!

1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఈ కథను ఇంగ్లీషులో వేశారు. జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడి నోట విని, రికార్డు చేసుకుని, అనువదించి చేసిన పుస్తకం. రోఘేర్‌కు మనం ఋణపడి ఉన్నాం, దాచుకోవాల్సిన పనిలేదు. గాలెయ్య పేరును ఆయన మరుగుపరచలేదు, ఎవరి పాటో లోపల చెప్పాడు. మన విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన జానపద సంకలనాలు చాలావాటిలో ఆ మర్యాద కూడా దొరకదు, 'సేకరణ' అని సేకర్త పేరుంటుంది, పాడినామె 'ఒక వృద్ధురాలు'. అయినా ఏ గ్రంథాలయం జాబితా తీసినా ఆ పుస్తకం రోఘేర్ పేరు కిందే దొరుకుతుంది. వ్యక్తి మంచివాడైనంత మాత్రాన పద్ధతి మారదని చెప్పడానికే ఈ ఉదాహరణ. ఇదే కథను సినిమావాళ్లు 1947లో ఒకసారి, 1966లో ఒకసారి 'పల్నాటి యుద్ధం'గా తీశారు. కథకు హక్కులు కొనాల్సిన పని ఎవరికీ పడలేదు.

'సరే, నోటి సాహిత్యం కాబట్టి అట్లా జరిగింది, రాసుకుంటే జరగదు' అనేవాళ్లుంటారు. వాళ్ల కోసం జాషువా సంగతి. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా రాసుకున్నాడు, అచ్చేసుకున్నాడు, బిరుదులు పొందాడు. పల్నాటిలో ఏ తిరునాళ్లలో పద్యనాటకం వేసినా హరిశ్చంద్ర కాటి సీను ఉండాల్సిందే. ఆ సీనులో జనం వన్స్‌మోర్ కొట్టించే పద్యాలు జాషువా శ్మశానవాటి పద్యాలు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కరపత్రం మీద ఆయన పేరుంటుంది, హార్మోనిస్టు పేరుంటుంది, హరిశ్చంద్ర వేషధారి పేరు ఫోటోతో సహా ఉంటుంది. జాషువా పేరు ఎన్ని కరపత్రాల మీద చూశారో పాఠకులే గుర్తుచేసుకోండి. రికార్డుల్లో, క్యాసెట్లలో, ఇప్పుడు ఫోన్లలో ఆ పద్యాలు తిరుగుతూనే ఉన్నాయి. వినేవాళ్లలో ఎక్కువమంది అవి నాటకంలోవే అనుకుంటున్నారు. కాటికాపరి వీరబాహుడి రాజ్యంలో, శ్మశానం మీద, అంటరానివాడు రాసిన పద్యాలు రాజు పాత్ర నోట వినడానికి జనానికి అభ్యంతరం లేదు. రాసినవాడి పేరు వినాల్సిన అవసరమూ లేదు.

జాషువా 1971లో కన్నుమూశాడు. చట్టం ప్రకారం కర్త మరణించాక అరవై ఏళ్లు హక్కులుంటాయి. అంటే 2031 చివరిదాకా ఆ పద్యాలకు యాజమాన్యం ఉంది. పేరు చెప్పాలన్న నైతిక హక్కు చట్టం 57వ సెక్షన్లో విడిగా ఉంది. నాటక సమాజాల మీద కేసులు వేయమని మేం చెప్పడం లేదు. వాళ్లూ పేదవాళ్లే, ఆ వేషాలు వేసేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కానీ కరపత్రం మీద ఒక లైను కలపడానికి ఖర్చెంత? డబ్బు సమస్య కానిచోట కూడా పేరు రాలేదంటే దాన్ని వ్యాపారం లెక్కల్లో వెతికితే దొరకదు.

హక్కు అడిగితే ఏమవుతుందో ఇళయరాజా విషయంలో చూశాం. 'కొండవీటి దొంగ'కు బాణీలు కట్టింది కూడా ఆయనే. 2017లో అమెరికా కచేరీల సమయంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ఆయన లాయరు నోటీసు పంపితే తెలుగు ఇళ్లలో పెద్ద దుమారమే రేగింది. స్నేహం మరిచాడన్నారు, డబ్బుపిచ్చి అన్నారు. సంగీత కృతి స్వరకర్తది, శబ్దముద్రణ నిర్మాతది అన్న తేడా చట్టంలో ఉందనీ, ఆ తేడా చుట్టూనే మద్రాసు హైకోర్టులో ఆడియో కంపెనీలతో ఆయన వ్యాజ్యాలు ఏళ్ల తరబడి నడిచాయనీ ఎంతమందికి తెలుసు? సినిమా, ఆడియో కంపెనీలు తమ హక్కుల కోసం కోర్టుకెక్కితే అది వ్యాపారం. పణ్ణైపురం నుంచి వచ్చిన మనిషి ఎక్కితే దురాశ. తనను దళితుడిగా చూడడం ఇళయరాజాకు ఇష్టం లేదు, అది ఆయనిష్టం. అంబేడ్కర్‌ను మోదీతో పోలుస్తూ 2022లో ఆయన రాసిన ముందుమాటతో మాకు గట్టి విభేదం ఉంది. ఆ విభేదం వేరు, ఆయన రాయల్టీ వేరు. రెండోదాంట్లో మేం ఆయన పక్షమే.

బ్రాండు అయిపోతే కష్టాలు తీరతాయా అన్నదానికి దర్శనం మొగులయ్యను చూడాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు. డక్కలి వాళ్లు మాదిగల మీద ఆధారపడి బతికిన కులం, దళితుల్లో దళితులు. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు వినబడింది. ఊరూరా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది, ప్రభుత్వం కోటి రూపాయలూ ఇంటి స్థలమూ ప్రకటించింది. 2024 మేలో హైదరాబాదు పక్కన ఆయన కూలిపని చేస్తున్న దృశ్యాలు అందరూ చూశారు. నెలకిచ్చే పదివేల గౌరవ భృతి ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత ఆ ఏడే హయత్‌నగర్‌లో 600 గజాల స్థలం పత్రాలిచ్చారు. ఇదంతా దయ. ప్రకటిస్తే వస్తుంది, ఆపితే ఆగుతుంది. 2012 సవరణ ప్రకారం ప్రదర్శకుడు సినిమాకు ఒప్పుకుని పాడినా, ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడితే రాయల్టీలో వాటా అతనికుంటుంది. ఆయన గురించి జరిగిన చర్చంతా బిరుదు, భృతి, స్థలం చుట్టూనే తిరిగింది. రాయల్టీ అన్న మాట ఎక్కడా పెద్దగా వినబడలేదు. తమిళనాట 'ఎంజాయ్ ఎంజామి' పాట సంగతీ తెలిసిందే. రాసి పాడిన అరివు దళితుడు. 2021లో ఒక సంగీత పత్రిక ముఖచిత్రం మీద అతన్ని వదిలేసి మిగతావాళ్ల ఫోటోలు వేస్తే గొడవైంది. కోట్లమంది విన్న ఆ పాట మీద తమకు పైసా రాలేదని దాని సంగీత దర్శకుడే 2024లో బయటపెట్టాడు.

ఇక మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత ఈ జిల్లాల్లో పుట్టిన పాటలకు లెక్కలేదు. మన పాటకు చట్టంతో పరిచయం కాపీరైటు ఆఫీసులో కాలేదు, పోలీస్‌స్టేషన్‌లో అయింది. అట్లాంటి రోజుల్లో పాటకు పేరు పెట్టకపోవడం రక్షణ. క్యాసెట్టును పది కాపీలు తీసి పంచడం ఉద్యమ కార్యక్రమం. పాట అందరిదీ అన్నాం, మనస్ఫూర్తిగానే అన్నాం. కానీ ఆ 'అందరిదీ'లో కొందరి పేర్లు నిలిచాయి, కొందరివి పోయాయి. రాసిన కూలి మనిషి పేరు పోయి, వేదిక మీద పాడిన నాయకుడి పేరు నిలిచింది. 'మాభూమి' సినిమాలో గద్దర్ గొంతుతో వినబడ్డ పాట బండి యాదగిరిదని ఎన్నిసార్లు చెప్పాల్సొచ్చిందో! 1995లో 'ఒరేయ్ రిక్షా' పాటకొచ్చిన నంది అవార్డును గద్దర్ వద్దన్నాడు, దాన్ని గౌరవిస్తాం. అయితే వద్దనగలిగేది పేరు నిలిచినవాడే. డప్పు కొట్టిన కుర్రాడిని ఎవరూ అడగరు, అతను వద్దనాల్సిన అవసరమూ రాదు. పాట అందరిదీ కావాలన్న విలువను మేం వదులుకోవడం లేదు. మన మధ్య పాడుకోవడానికి అందరిదీ, అమ్ముకునేవాడి దగ్గర మాత్రం రాసినవాళ్లదీ పాడినవాళ్లదీ అనడంలో వైరుధ్యమేమీ లేదు.

కుర్రాళ్లకు మేం చెప్పింది ఇది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఏ పాట, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నది అందులో విడివిడిగా ఉండాలి. ఏళ్లు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియాకే అని చట్టం 19వ సెక్షన్లో ఉంది. అందుకే కంపెనీ ఆ రెండూ అంత వివరంగా రాసుకుంది. రచయితకూ స్వరకర్తకూ దక్కే సమాన రాయల్టీ వాటాను కాగితం మీద వదులుకున్నా ఆ వదులుకోవడం చెల్లదు. కాబట్టి మీలో ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో పాటవారీగా ఇప్పుడే తేదీతో రాసుకోండి. తాతల నాటి పాటైతే ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు, ఊరు రాయండి. బృందం పేరు మీ ఐదుగురి మీద ఉమ్మడిగా నమోదు చేయించండి, కంపెనీకి వాడుకునే అనుమతి మాత్రం ఇవ్వండి. ఇంగ్లీషు కాగితానికి తెలుగు ప్రతి అడగండి.

'మాదిగ' మాట దగ్గర వాళ్లలో వాళ్లకే కుదరలేదు. ఒకడు, 'పేరు తీసేస్తే నెలకు నాలుగు ప్రోగ్రాములు ఎక్కువొస్తాయి సార్, మా అమ్మకు ఆపరేషన్ చేయించాలి' అన్నాడు. ఇంకొకడు, 'డప్పు చూస్తే తెలియదా ఎవరు కొడతన్నారో? తీసేస్తే మనమే సిగ్గుపడ్డట్టు' అన్నాడు. మేం ఏం చెప్పగలం? మా జీతాలు నెలనెలా వస్తాయి, మా పేర్లు మా వ్యాసాల కింద ఉంటాయి. మేం రెండోవాడి వైపని చెప్పాం, మొదటివాడి లెక్క తప్పని మాత్రం అనలేకపోయాం. చివరికి వాళ్లే ఒక మాటకొచ్చారు. కవరు మీద ఐదుగురి పూర్తి పేర్లు ఉండాలి, పేరు చివర కులం పెట్టుకోవాలో వద్దో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి, బృందం పేరును మాత్రం కంపెనీ ముట్టుకోకూడదు. ఐదింట మూడు పేర్ల చివర మాదిగ అని రాశారు. మొదటివాడు కూడా రాశాడు.

మార్చిన కాగితం కంపెనీకి పంపి మూడు వారాలైంది. ఇది అచ్చుకు పోయేనాటికి జవాబు రాలేదు. కారెంపూడి ఉత్సవాలకు మాత్రం వాళ్లను పిలిచారట, బియ్యమూ బస్సు ఛార్జీలూ ఇస్తామన్నారు.